మేకపిల్ల ఎటు పోవాలి?

షేక్ కరీముల్లా తండ్రి మీరా సాహెబ్ సన్నాయి వాయించేవాడు. నరసరావుపేట చుట్టుపట్ల గుడి ఉత్సవమైనా, పెళ్ళయినా ఆయన సన్నాయి మోగితేగాని పని మొదలైనట్టు కాదు. కొడుక్కీ అదే విద్య అబ్బాలని పసితనం నుంచే ఊపిరి పట్టడం నేర్పించాడు. కరీముల్లాకు మీసాలు వచ్చే వయసులో ఊళ్ళోకి ఒక సర్కసు వచ్చింది. జనమంతా పులిని చూడటానికి పోతే, ఇతగాడు మాత్రం డేరా పక్కన నిలబడి, సర్కసు మేళంలో నల్లటి కర్రలాంటి వాద్యాన్ని వాయిస్తున్న మనిషిని కళ్ళప్పగించి చూశాడు. అది క్లారినెట్. సర్కసు వెళ్ళిపోయింది కానీ ఆ గొంతు అతని చెవిలోంచి పోలేదు.

"సన్నాయి పట్టిన కొంపలో ఆ నల్లకర్ర ఏందిరా?" అన్నాడు మీరా సాహెబ్.

"అది మెల్లగా కూడా మాట్లాడుద్ది నాయనా. సన్నాయికి మెల్లగా మాట్లాడటం రాదు."

తండ్రి కొన్నాళ్ళు కొడుకుతో మాట మానేశాడు. ఆ తర్వాత తనే గుంటూరు పోయి, ఎవరో వాడి వదిలేసిన క్లారినెట్ ఒకటి తువ్వాలులో చుట్టుకొని తెచ్చి, ఏమీ అనకుండా కొడుకు పక్కలో పెట్టాడు.

అలా మొదలై, ముప్పై ఏళ్ళు దాటేసరికి కరీముల్లాకు సొంత బ్యాండు మేళం తయారైంది. ట్రంపెట్టు, సైడు డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తాళాలు, అన్నిటికంటే పెద్ద బాకా యుఫోనియం. యుఫోనియం మోసేది చిన్నాన్న కొడుకు మౌలాలీ. ఎర్ర కోట్లకు జరీ పట్టీలు కుట్టింది భార్య పీరాంబీ. లగ్గాల రోజుల్లో బ్యాండుకు తీరిక ఉండేది కాదు. మూఢం వస్తే అందరూ పత్తి మిల్లుకో, రాళ్ళ పనికో పోయేవాళ్ళు.

పెళ్ళి బ్యాండును ఎవరూ వినరు. బ్యాండు ఉండాలి, అంతే. ముందు కుర్రాళ్ళు గెంతుతుంటారు, పక్కన టపాకాయలు పేలుతుంటాయి, వెనక జీపులో పెళ్ళికొడుకు కునికిపాట్లు పడుతుంటాడు. కరీముల్లా ఎంత మంచి గమకం వేసినా అది ఆ గోలలో చిల్లుకుండలో పోసిన నీళ్ళే. చుట్టూ వందలమంది ఉన్నా, వాయించినన్నాళ్ళూ తన వాద్యాన్ని తనొక్కడే విన్నాడు.

అతన్ని మొదటిసారి నిలబడి విన్నది చెన్నకేశవరావు.

ఆయన రొంపిచెర్ల హైస్కూల్లో తెలుగు పండితుడు. కాపురం నరసరావుపేటలోనే. ఎనభై ఒకటో సంవత్సరం, ఆషాఢమాసం. కరీముల్లా ఇంటి అరుగు మీద కూర్చొని సాధన చేస్తుంటే వీధి పిల్లలు చుట్టూ మూగారు. ఒక ఆడపిల్ల క్లారినెట్ అంచులోకి కన్ను పెట్టి చూస్తూ, "ఇందులో ఎవురున్నారు తాతా?" అని అడిగింది. కరీముల్లా నవ్వాపుకొని, మేకపిల్ల అరిచినట్టు ఒక స్వరం వాయించాడు. పిల్లలు కెవ్వుమన్నారు. సైకిలు మీద పోతున్న చెన్నకేశవరావు దిగాడు. స్టాండు వేసి, అరుగు కొసన కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఇంకేం ఉన్నాయి నీ దగ్గర?"

"ఎట్టాంటివి మాస్టారూ?"

"మేకపిల్లలాంటివి."

ఆ మాటతో ఇద్దరి స్నేహం మొదలైంది. పండితుడికి కథ చెప్పడం వచ్చు. ఆయన నోరు తెరిస్తే వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకు జరుగుతారు. కరీముల్లాకు వాయించడం వచ్చు. తల్లి నుంచి తప్పిపోయిన ఒక మేకపిల్ల కథను ఇద్దరూ కూర్చొని అల్లారు. మేకపిల్ల క్లారినెట్. దారిలో ఎదురయ్యే గేదె మౌలాలీ యుఫోనియం. కోడిపుంజు ట్రంపెట్టు. పెద్ద డ్రమ్ము ఉరుము, తాళాలు మెరుపు. తల్లిమేక గొంతు దేనికి ఇవ్వాలో చాన్నాళ్ళు తేలలేదు. చివరికి చర్చిలో వయొలిన్ వాయించే దేవానందాన్ని బతిమాలి తెచ్చారు. అతను మొదటిసారి కమాను లాగి "రా బిడ్డా" అన్నట్టు ఒక్క స్వరం తీసేసరికి మౌలాలీ కళ్ళు తుడుచుకున్నాడు.

మొదటి కచేరీ రొంపిచెర్ల స్కూలు వరండాలో జరిగింది. రెండు దుప్పట్లు అడ్డం కట్టి వాద్యాలన్నిటినీ వెనక దాచారు. పండితుడు కథ మొదలుపెట్టి, ఒక్కొక్క గొంతు వినిపించినప్పుడల్లా "ఎవరది?" అని అడిగేవాడు. పిల్లలు గేదె అన్నాక దుప్పటి వెనక నుంచి మౌలాలీ తన బాకాతో బయటికి వచ్చేవాడు. "ఓరి నాయనో, ఎంత లావుందిరా!" అని ఒకటే నవ్వులు. వాన మాత్రం పిల్లలే కురిపించాలి. ముందు అరచేతులు రుద్దితే గాలి. రెండు వేళ్ళతో అరచేతిలో కొడితే తుంపర. తొడలు చరిస్తే వాన. కాళ్ళు నేలకేసి కొడితే కుంభవృష్టి. వాన చుక్క కోసం మొగం వాచిన పల్నాటి పిల్లలు ఆ రోజు వరండా అదిరిపోయేలా కురిపించారు. వాన వెలిశాక అన్ని వాద్యాలూ ఒక్కసారి కలిసి వాయించేవి. ఎవరి గొంతు ఏదో అప్పటికి పిల్లలకు తెలుసు కాబట్టి, ఆ కలగలుపులో తమకు ఇష్టమైనదాన్ని పట్టుకొని వినేవాళ్ళు. "గేదె కిందుగా పోతుంది చూడు" అని ఒకరికొకరు వేళ్ళతో చూపించుకునేవాళ్ళు.

కథ నడిమధ్యలో ఒక చోటు ఉంది. దారి రెండుగా చీలుతుంది. ఒకటి వాగు వైపు, ఒకటి గుట్ట వైపు. పండితుడు చెయ్యెత్తి, "మేకపిల్ల ఎటు పోవాలి?" అని అడుగుతాడు. పిల్లలు ఎటంటే కథ అటు పోతుంది. వాగన్నారంటే క్లారినెట్ కిందికి జారుతూ, అడుగు తడబడుతూ పోవాలి. గుట్టన్నారంటే రాయి మీద నుంచి రాయి మీదికి గెంతాలి. ఒక స్కూల్లో పిల్లలు రెండుగా చీలి సగం వాగు, సగం గుట్ట అని గొంతులు చించుకుంటుంటే, కరీముల్లా మేకపిల్లను అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిప్పి, ఎటూ పోలేక ఏడిపించాడు. పిల్లలు ఠక్కున ఊరుకున్నారు. ఏం వాయించాలో తనకూ ముందు తెలియని ఆ క్షణం కోసమే కరీముల్లా స్కూళ్ళకు పోయేవాడు. అంతమంది ఊపిరి బిగబట్టి తన వైపే చెవులు పెట్టడం అతని బతుకులో అక్కడే జరిగింది.

మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా బస్సెక్కేవాళ్ళు. శావల్యాపురం, మాచవరం, గురజాల. స్కూలు వాళ్ళు బస్సు ఛార్జీలు, భోజనం పెడితే చాలు. ఒకసారి మాత్రం తప్పు జరిగింది. గురజాలలో కచేరీ అని ఒప్పుకున్న రోజే పెద్ద రైతు ఇంట హఠాత్తుగా లగ్గం పడింది. మేళంలో అందరివీ పిల్లలున్న ఇళ్ళు. కరీముల్లా పెళ్ళికి పోయాడు. గురజాల పిల్లలు ఎండలో కూర్చొని, కూర్చొని లేచిపోయారు. పండితుడు ఆ రోజు ఒంటరిగా కథ చెప్పి వచ్చాడు. కరీముల్లా పోయి చేతులు పట్టుకుంటే, "పోనీలే, నీ కడుపు సంగతి నాకు తెలియదా" అన్నాడు. ఆ మాటను కరీముల్లా మనసారా నమ్మాడు.

ఎనభై అయిదు ఎండాకాలంలో చెన్నకేశవరావు ఒక టేప్ రికార్డరు చంకన పెట్టుకొని వచ్చాడు.

"కరీముల్లా, మనిషి ప్రాణం గాలిలో దీపం. నీకో నాకో ఏమన్నా అయితే ఈ వరసలు పోతాయి. ఒక్కొక్కటీ వాయించు, దాచిపెడదాం."

కరీముల్లా పొంగిపోయాడు. తన వాద్యాన్ని దాచుకోవాలని ఇంతవరకూ ఎవరనుకున్నారు? పీరాంబీతో టీ పెట్టించి, వీధి తలుపు వేయించి, కోళ్ళను కూడా అవతలికి తోలించి వాయించాడు. మేకపిల్ల వరస, గేదె వరస, తల్లిమేక వరస, కోడిపుంజు వరస, అన్నీ తన క్లారినెట్ మీదే.

"కొంచెం నిదానంగా వాయించవయ్యా. విడివిడిగా తెలియాలి" అన్నాడు పండితుడు.

నిదానంగా వాయించాడు. ఇంకొకసారి అంటే ఇంకొకసారి వాయించాడు.

ఆ తర్వాత చెన్నకేశవరావు రాకపోకలు పలచబడ్డాయి. విజయవాడలో ఏదో పని అన్నారు. కూతురికి కాలేజీ సీటు అన్నారు. లగ్గాలు ముమ్మరంగా ఉండటంతో కరీముల్లా కూడా పట్టించుకోలేదు. మరుసటి ఏడు స్కూళ్ళు తెరిచాక, మూఢం దగ్గరపడుతుందనగా, తనే మాచవరం బయల్దేరాడు. అక్కడి హెడ్మిస్ట్రెస్ ధనలక్ష్మి గారు ఏటా పిలుస్తారు, రోజు ఖాయం చేసుకొద్దామని.

ఆమె అతన్ని చూసి ఆశ్చర్యపోయింది. "ఈ ఏడు అక్కర్లేదనుకున్నామే కరీముల్లా గారూ. క్యాసెట్ వచ్చేసిందిగా?"

"ఏం క్యాసెట్టమ్మా?"

"అదేంటి! మాస్టారు చెప్పలేదా? మీ మేకపిల్ల కథే. ఇప్పుడు మూడో తరగతికి వేస్తున్నాం, రండి."

బల్ల మీద టేప్ రికార్డరు. పిల్లలు నేల మీద వరసగా కూర్చున్నారు. మీట నొక్కగానే చెన్నకేశవరావు గొంతు పలికింది, ఎప్పటిలాగే తియ్యగా. "పిల్లలూ, ఇది క్లారినెట్. ఇదే మన మేకపిల్ల!"

వచ్చింది క్లారినెట్ కాదు. ఏదో ఊపిరి లేని చప్పుడు, ఎలక్ట్రిక్ బొమ్మ ఏడ్చినట్టు. కరీముల్లా ఈ మధ్య పెళ్ళిళ్ళలో ఆ చప్పుడు విని ఉన్నాడు. కొత్తగా వచ్చిన క్యాసియో కీబోర్డు పెట్టె. "ఇది యుఫోనియం" అన్నప్పుడూ ఆ పెట్టే పలికింది. "ఇది వయొలిన్" అన్నప్పుడూ ఆ పెట్టే. కానీ వరస తనది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ విరవాలో, తను తలుపులు వేసుకొని నిదానంగా వాయించినదే. ఎవడో కుర్రవాడు దాన్ని విని, మెట్టు మెట్టుగా నేర్చుకొని పెట్టె మీద నొక్కాడు.

దారి చీలే చోటు వచ్చింది. "మేకపిల్ల ఎటు పోవాలి?" అని పండితుడి గొంతు అడిగింది. టేపులో కాస్త ఖాళీ వదిలారు.

"వాగు! వాగు!" అని అరిచారు పిల్లలు.

"శభాష్! గుట్టకేసి పోయింది!" అంది క్యాసెట్టు.

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ముందు వరసలో ఒక పిల్ల టేప్ రికార్డరు దగ్గరికి వంగి, "గుట్ట కాదు, వాగు" అని మెల్లగా చెప్పింది. క్యాసెట్టు ఆగలేదు. గుట్ట ఎక్కుతూనే ఉంది. ఆ పిల్ల వెనక్కి జరిగి కూర్చుంది. ఆ తర్వాత వాన వచ్చినప్పుడు పిల్లలు చేతులు రుద్దారు కానీ ఎవరూ గట్టిగా రుద్దలేదు.

ధనలక్ష్మి గారు క్యాసెట్టు డబ్బా తెచ్చి చూపించింది. దాని మీద మేకపిల్ల బొమ్మ ఉంది. రచన, సంగీతం, వ్యాఖ్యానం అన్నిటికీ కలిపి ఒకటే పేరు, చెన్నకేశవరావు. ఆమె మంచిదే, అతని మొహం చూసి కుర్చీ జరిపింది. కరీముల్లా కూర్చోలేదు. "వస్తానమ్మా" అని బస్టాండుకు నడిచాడు. దారి పొడుగునా, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది, ఎవరో మాస్టారిని మోసం చేసి ఉంటారని తనకు తనే చెప్పుకున్నాడు. నరసరావుపేటలో బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా పండితుడి ఇంటికి పోయాడు.

చెన్నకేశవరావు వరండాలో పేపరు చదువుతున్నాడు. కరీముల్లాను చూడగానే పేపరు మడిచాడు. ఆ మడవటంలోనే కరీముల్లాకు అంతా తెలిసిపోయింది.

"కూర్చో కరీముల్లా. నీకు చెబుదామనే అనుకుంటున్నా."

"ఎప్పుడు మాస్టారూ?"

"ఎనిమిదిమందిని తీసుకొస్తానంటే స్టూడియో వాళ్ళు ఒప్పుకోలేదయ్యా. ఒక్క కుర్రాడు అన్నీ వాయించేస్తాడన్నారు. నేనేం చెయ్యను?"

"అది క్లారినెట్ కాదు మాస్టారూ. మీకూ తెలుసు. పిల్లలకి అది క్లారినెట్ అని చెప్పారు."

"వినేవాళ్ళకి అంత తేడా తెలియదు."

"పిల్లలకి తెలియాలనేగా మనం తిరిగింది?"

పండితుడు మాట మార్చాడు. "మీరు లగ్గం వస్తే పోతారు. గురజాల పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి పోలేదా? ఆ రోజు నేను ఎంత తలవంపులు పడ్డానో ఎవరికి తెలుసు! క్యాసెట్టు అయితే అందరికీ అందుతుంది. ఎప్పుడంటే అప్పుడు."

"పోనీలే అన్నారుగా ఆ రోజు?"

పండితుడు మడిచిన పేపరును ఇంకో మడత పెట్టాడు.

"నా పేరు ఒక మూల రాయించలేకపోయారా?"

చెన్నకేశవరావు కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడిచాడు. "పెళ్ళి బ్యాండు మేళం అని రాస్తే ఇంగ్లీషు స్కూళ్ళు కొనవన్నారు" అన్నాడు, తలెత్తకుండా.

కరీముల్లా గేటు వైపు తిరిగాడు. తిట్టాలనుకున్నాడు, తిట్లు రాలేదు. "నిదానంగా వాయించమన్నారు. వాయించా" అని మాత్రం అని గేటు దాటాడు.

ఇంటికొచ్చాక పీరాంబీ మొత్తం విని, "కథ ఆయన చెప్పాడు, నువ్వు వాయించినావు. ఎవురిదని తేల్చుద్ది లోకం?" అంది.

"లోకం సంగతి కాదే. దొంగ వస్తే దొంగ అనుకుంటాం. నేను టీ ఇప్పించి, తలుపులేసి, కోళ్ళని తోలించి మరీ ఇచ్చినా."

ఆమె వచ్చి దగ్గర కూర్చుంది.

మౌలాలీ ఊరుకోలేదు. "ఆయన లేకపోతే కథ ఆగుద్దా అన్నా? నువ్వే చెప్పు, మేం వాయిస్తాం" అని పట్టుబట్టాడు. దేవానందం కూడా సరేనన్నాడు. శావల్యాపురంలో హెడ్మాస్టరు పాత పరిచయం కొద్దీ ఒప్పుకున్నాడు. ఆ రోజు కరీముల్లా ఎర్ర కోటు ఇస్త్రీ చేయించుకొని పోయాడు. అతనికి మాటలు అంత తేలిగ్గా రావు. కథ ముక్కలు ముక్కలుగా చెబుతూ, నడుమ ఊపిరి తీసుకొని వాయిస్తూ, ఎలాగో నెట్టుకొచ్చాడు. అసలు క్లారినెట్ చూసి పిల్లలు సంతోషించారు కూడా. దారి చీలే చోటికి వచ్చాక, చెయ్యెత్తి అడిగాడు.

"ఇప్పుడు మేకపిల్ల ఎటు పోవాలి?"

"గుట్టకి!" అన్నారు అందరూ ఒక్కసారి, ఎక్కం అప్పచెప్పినట్టు.

కరీముల్లా నవ్వుతూ, "వాగుకి పోకూడదా?" అన్నాడు.

"పోకూడదు. క్యాసెట్టులో గుట్టకే పోద్ది" అన్నాడు ఒక పిల్లవాడు. "మీకు కథ సరిగ్గా రాదు తాతా."

కరీముల్లా మేకపిల్లను గుట్ట ఎక్కించాడు. తల్లి దగ్గరికి చేర్చాడు. వాన కురిపించాడు. కచేరీ అంతా పూర్తి చేశాడు. తిరుగు బస్సులో దేవానందం, "మళ్ళీ ఎప్పుడు పోదాం?" అని అడిగితే కిటికీలోంచి చూస్తూ, "ఇంక వద్దులే" అన్నాడు. ఆ తర్వాత ఏ స్కూలు గడపా తొక్కలేదు. దేవానందం వయొలిన్ చర్చికే పరిమితమైంది. ఆ ఏడు చెన్నకేశవరావుకు గుంటూరులో సభ చేసి శాలువా కప్పారని ఎవరో చెబితే కరీముల్లా విన్నాడు. మౌలాలీ ఉమ్మేశాడు. 

ఎనభై ఎనిమిది వైశాఖంలో చెన్నకేశవరావు కూతురి పెళ్ళి కుదిరింది. ఆయనే స్వయంగా వచ్చాడు. అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, "నువ్వు రాకపోతే నాకు పెళ్ళిలా ఉండదు కరీముల్లా" అన్నాడు. గొంతులో నిజంగానే తడి ఉంది.

"అందరికీ ఎట్టా వాయిస్తానో అట్టాగే వాయిస్తా మాస్టారూ. పోయి పనులు చూసుకోండి" అన్నాడు కరీముల్లా.

మౌలాలీ మండిపడ్డాడు. "పోమాక అన్నా. పెట్టె వాయించేవాడినే పిలుచుకోమని చెప్పు!"

"పనికి పిలిచారు. పని చేసొద్దాం. ఆడపిల్ల ఏం చేసింది మధ్యలో?"

ఆ పెళ్ళిలో కరీముల్లా ఏ లోటూ చేయలేదు. ఎదుర్కోలులో, ఊరేగింపులో, తలంబ్రాల దగ్గర, ఎక్కడ ఏది వాయించాలో అది వాయించాడు. పెళ్ళికూతురు చిన్నప్పుడు రొంపిచెర్ల వరండాలో ముందు వరసలో కూర్చొని వాన కురిపించిన పిల్లే. ఆమె పల్లకీలోంచి చూసి నవ్వింది. అతనూ కళ్ళతో నవ్వాడు. మేకపిల్ల వరస మాత్రం వాయించలేదు.

మధ్యాహ్నం పందిట్లో విస్తళ్ళు వేశారు. కరీముల్లా తప్ప బ్యాండు వాళ్ళందరూ చేతులు కడుక్కొని కూర్చున్నారు. చెన్నకేశవరావు తనే ఒక విస్తరి పట్టుకొని కరీముల్లా నిలబడ్డ చోటికి వచ్చాడు. చుట్టూ బంధువులు చూస్తున్నారు.

"రావయ్యా. నా చేత్తో వడ్డిస్తాను."

"మావాళ్ళకు వడ్డించండి మాస్టారూ. నాకొద్దు."

"ఇంకా ఆ కోపమేనా?"

"కోపమైతే రాకపోదును" అన్నాడు కరీముల్లా. "మీ అమ్మాయి పెళ్ళి చక్కగా జరిగింది. మీ అన్నం మాత్రం నాకు దిగదు."

అని క్లారినెట్ ముక్కలు విప్పి, తుడిచి, పెట్టెలో సర్దుకున్నాడు. చెన్నకేశవరావు ఖాళీ విస్తరితో అక్కడే నిలబడి ఉన్నాడు. కరీముల్లా ఎర్ర కోటు విప్పి భుజాన వేసుకొని, తనవాళ్ళు తినే వరకు ఆగడానికి పందిరి బయట ఎండలో, ఆగి ఉన్న రిక్షా నీడన కూర్చున్నాడు.